పిన్ కోడ్ పోస్టాఫీసు దాకే

మొన్న మార్చిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా నాన్న బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. తుంటి పట్టుకుని లేవలేకపోయారు. నేను ఒక ఆసుపత్రికి ఫోన్ చేసి అంబులెన్స్ పంపమన్నాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పిన్ కోడ్ అడిగితే 600100 అన్నాను. వీధి పేరు అడిగితే పిళ్ళైయార్ కోయిల్ వీధి అన్నాను. ఇంటి నంబరు కూడా రాసుకుని, "పదిహేను నిమిషాల్లో వచ్చేస్తుంది సార్, టెన్షన్ పడకండి" అంది.

నలభై ఐదు నిమిషాలు పట్టింది. మా పిన్ కిందికి చెన్నై శివార్లలోని పళ్ళికరణై వస్తుంది, మేడవాక్కమూ వస్తుంది. రెండూ ఒకప్పుడు విడివిడి ఊళ్లు. రెండు చోట్లా వినాయకుడి గుడి ఉంది, గుడి పేరుతో వీధి ఉంది. డ్రైవర్ అవతలి వీధికి పోయి, మా నంబరే ఉన్న ఇంటి గేటు కొట్టి, నిద్రపోతున్న వాళ్లను లేపాడు. నేను వీధి మొదట్లో నిలబడి ఫోన్‌లో దారి చెబుతున్నాను. లోపల నేల మీద, తలకింద దిండుతో పడుకున్న నాన్న మా ఆవిడతో ఒక మాట అన్నారట. "పిన్ను చెప్తే పోస్టాఫీసు కాడికి వస్తాడమ్మా, ఇంటికాడికి యాడొస్తాడు?"

ఎముక విరగలేదు, అదృష్టం. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ మాట అనడానికి ఆయనకు అర్హత ఉంది. ముప్పై ఏడేళ్లు రైల్వే మెయిల్ సర్వీస్‌లో, అందరూ ఆర్.ఎమ్.ఎస్. అనే దాంట్లో, ఉత్తరాలు సార్టింగ్ చేశారు. ఇప్పటికీ ఆయన చేతికి ఏ కవరు ఇచ్చినా ముందు కింది లైను చూస్తారు, తర్వాతే పేరు. పెళ్లి శుభలేఖ అయినా అంతే. 1970లో ఉద్యోగంలో చేరినప్పుడు పిన్ కోడ్ లేదు. ఏ ఊరు ఏ రైలు మార్గం మీద ఉంది, ఏ సంచిలో పడాలి అన్నది సార్టర్ల తలలోనే ఉండేది. మన ఊళ్ల పేర్ల సంగతి తెలిసిందే కదా. రామాపురాలు ఎన్ని, కొత్తపల్లెలు ఎన్ని! అందుకే జనం 'వయా నగరి', 'వయా రేణిగుంట' అని రాసేవాళ్లు. ఒక కవరు మీద తెలుగు, ఇంకో దాని మీద అరవం, మరో దాని మీద తొందర తొందరగా గీసిన ఇంగ్లీషు. గుర్తుపట్టలేనిది పక్కన పెట్టి, సీనియర్లను అడిగి, అప్పుడు సంచిలో వేసేవాళ్లట.

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించినవారు శ్రీరాం భికాజీ వేలణ్‌కర్. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అదనపు కార్యదర్శి, సంస్కృత కవి కూడా. ఆరు అంకెలు. మొదటి అంకె దేశంలో ఏ దిక్కో చెబుతుంది. మన ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు 5. తమిళనాడు, కేరళలకు 6. సైన్యానికి విడిగా 9. రెండో అంకెతో ఆ దిక్కులో ఏ భాగమో తెలుస్తుంది. మూడో అంకె కలిస్తే ఏ సార్టింగ్ జిల్లాయో తేలుతుంది. 517 అంటే చిత్తూరు వైపు, 600 అంటే చెన్నై. మిగిలిన మూడు అంకెలూ బట్వాడా చేసే పోస్టాఫీసువి.

నాన్న చెప్పే తీరు ఇంకా సులువు. గూళ్ల ముందు కూర్చున్న మొదటి సార్టరు మూడు అంకెలే చూస్తాడు, ఉత్తరాన్ని గూట్లో వేస్తాడు. అవతలి జిల్లాలో ఇంకొకడు చివరి మూడు అంకెలు చూస్తాడు, పోస్టాఫీసు సంచిలో వేస్తాడు. అక్కడితో పిన్ కోడ్ పని సరి. ఆ పైన ఉత్తరం పోస్ట్‌మాన్ చేతికి వస్తుంది. ఆయన తన బీటు ప్రకారం వరస పెట్టుకుంటాడు. ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ ఇంట్లో కుక్క ఉందో, ఎవరు ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోయారో ఆయనకు తెలుసు. అది ఏ అంకెలోనూ రాసి లేదు.

దేశంలో పోస్టాఫీసులు లక్షన్నరకు పైగా ఉన్నాయి, పిన్ కోడ్‌లు మాత్రం పందొమ్మిది వేల పైచిలుకు. అంటే సగటున ఏడెనిమిది పోస్టాఫీసులకు ఒక పిన్. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసులన్నీ తమ పైనున్న సబ్ పోస్టాఫీసు పిన్నే వాడుకుంటాయి. ఉత్తరాలు పంచడానికి అది చాలు. అంతకంటే ఎక్కువ పని దానితో చేయించుకోవాలని దాన్ని తయారుచేసినవాళ్లు అనుకోలేదు.

పాత మద్రాసులో తెలుగువాళ్లకు ఈ అంకెలతో పాత చుట్టరికం ఉంది. పిన్ రాకముందే పెద్ద నగరాలకు పోస్టల్ జోన్లు ఉండేవి. పాత తెలుగు పుస్తకాల లోపలి పేజీ తిప్పితే 'మద్రాసు-17', 'మద్రాసు-26' అని కనిపిస్తుంది. 17 అంటే టి.నగర్, 26 అంటే వడపళని. సినిమావాళ్లు, పత్రికలవాళ్లు, ప్రెస్సులవాళ్లు అటువైపే ఎక్కువగా ఉండేవాళ్లు. పిన్ వచ్చినప్పుడు ఆ నంబర్లను పారేయలేదు. ముందు 600 చేర్చి, 600017, 600026 అన్నారు. మద్రాసు పేరు 1996లో చెన్నై అయింది, ఆ అంకెలు మాత్రం కదల్లేదు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది. జనానికి అలవాటైన దాన్ని కొత్తదానిలో కలుపుకుని పోయారు.

పిన్ కోడ్ చేసే పనిలో నాకు ఏ లోపమూ కనబడదు. చేయలేని పనిని దాని నెత్తిన పెట్టడం మీదే నా గొడవంతా.

ఏ ఫారమైనా నింపి చూడండి. పిన్ కొట్టగానే ఊరు, జిల్లా, రాష్ట్రం వాటంతటవే పడిపోతాయి, మార్చబోతే మారవు. 600100 కొడితే ఏ జిల్లా రావాలి? పళ్ళికరణై చెన్నై కార్పొరేషన్‌లో, చెన్నై జిల్లాలో ఉంది. మేడవాక్కం చెంగల్పట్టు జిల్లాలో ఉంది. పోస్టాఫీసుకు దానితో పని లేదు, దాని ఉత్తరాల దారి దానిది. యానాం పరిపాలన పుదుచ్చేరిది, పిన్ 533464. అంటే పక్కనున్న గోదావరి జిల్లా ఊళ్ల వరసలోదే. ఉత్తరాలు వచ్చే దారి అటు నుంచే కాబట్టి అలా పెట్టారు, న్యాయమే. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం ఊళ్లకు పిన్ 507తోనే మొదలవుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. జిల్లా మారినా పిన్ మారని ఊళ్లు ఎన్నో. ఆ ఊరి కుర్రాడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఒక చోట పాత జిల్లా, ఇంకో చోట కొత్త జిల్లా. ఆధార్‌తో సరిపోలడం లేదని తిరిగి వస్తుంది. తప్పు పిల్లవాడిది కాదు, పోస్టాఫీసుది అంతకన్నా కాదు. పిన్ అంటే జిల్లా అనుకుని ఫారం తయారుచేసినవాడిది.

ఇది విసుగుతో పోయే విషయమే అయితే నేను ఇంత రాయను. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో ఇదే తప్పు పిల్లల ఒంట్లోకి పోయిన సీసం విషాన్ని దాదాపు కప్పేసింది. 2014లో ఆ నగరం తాగునీటి మూలాన్ని మార్చుకుంది. పాత గొట్టాల్లోంచి సీసం నీళ్లలోకి దిగింది. పిల్లల రక్త పరీక్షల లెక్కలను అధికారులు జిప్ కోడ్, అంటే అక్కడి పిన్, ప్రకారం చూశారు, పెద్ద తేడా కనపడలేదు. ఎందుకంటే ఫ్లింట్ జిప్ కోడ్ ఉన్న ఇళ్లలో దాదాపు మూడో వంతు నగరం బయట ఉన్నాయి. వాళ్లు తాగేది వేరే నీళ్లు. వాళ్ల లెక్కలు కలిసి అసలు నగరం పిల్లల లెక్క పలచబడిపోయింది. మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు, ఆమెతో పనిచేసిన భూగోళ నిపుణుడు, ఒక్కో పిల్లవాడి ఇంటిని మ్యాపులో గుర్తించి, నగరం నీళ్లు తాగేవాళ్లను వేరుచేసి చూశారు. అప్పుడు బయటపడింది. 2015 సెప్టెంబరులో ఆమె ఆ లెక్కలు బయటపెట్టింది. జిప్ కోడ్ కూడా మన పిన్ లాగే 1963లో ఉత్తరాల కోసం పెట్టింది. అది ఊరి సరిహద్దును చూసి గీసింది కాదు, బట్వాడా దారిని చూసి గీసింది. ఈ సంగతి మర్చిపోయినందుకు పిల్లలు మూల్యం చెల్లించారు.

చెన్నైలో ఇంకో రకం అన్యాయం చూస్తుంటాను. తొరైపాక్కం పిన్ 600097. ఓ.ఎమ్.ఆర్. అనే పాత మహాబలిపురం రోడ్డు మీద అద్దాల ఐటీ బిల్డింగులు ఆ పిన్‌లో ఉన్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న పేటలను ఖాళీ చేయించి తెచ్చి పెట్టిన కణ్ణగి నగర్ కూడా ఆ పిన్‌లోనే ఉంది. కణ్ణగి నగర్ అని రాస్తే పనిలోకి తీసుకోరని, అక్కడి కుర్రాళ్లు బంధువుల చిరునామాలు రాస్తారని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఒకే పిన్‌లో కోట్ల జీతాల ఆఫీసూ ఉంది, చిరునామా దాచుకునే పిల్లవాడూ ఉన్నాడు. ఇలాంటి అంకెను చూసి ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి సరుకు పంపాలో తేల్చడం ఎంత అన్యాయం! నగరి దగ్గర మా ఊళ్లో మేనత్తకు నేను మోకాలి బెల్టు ఒకటి ఆన్‌లైన్‌లో పంపబోతే 'ఈ పిన్ కోడ్‌కు డెలివరీ లేదు' అని వచ్చింది. ఆమె ఇల్లు బస్సు రోడ్డు మీదే ఉంది. ఆ పిన్ కిందున్న ఏదో మారుమూల పల్లెకు వెళ్లలేక మొత్తం పిన్‌నే కొట్టేశారు. చివరికి స్పీడ్ పోస్టులో వేస్తే నాలుగో రోజు అందింది.

మరి ఇంటి దాకా పోయే కోడ్ లోకంలో లేదా అంటే ఉంది. అదే నేను చెప్పదలచుకున్నది.

బ్రిటన్‌లో 1959లో నార్విచ్ నగరంలో అక్షరాలూ అంకెలూ కలిపిన పోస్ట్‌కోడ్‌ను మొదట ప్రయత్నించారు. 1974కల్లా దేశమంతా వచ్చింది. అక్కడ ఒక కోడ్ కింద సగటున పదిహేను చిరునామాలే ఉంటాయి. అంటే ఒక వీధిలో ఒక ముక్క. నెదర్లాండ్స్‌లో నాలుగు అంకెలూ రెండు అక్షరాలూ రాసి, ఇంటి నంబరు చేరిస్తే చాలు, వీధి పేరు అక్కర్లేదు. సింగపూర్ 1995లో ఆరంకెల కోడ్‌కు మారింది. మనవీ ఆరే, వాళ్లవీ ఆరే, కానీ అక్కడ ప్రతి బిల్డింగుకూ తన సొంత కోడ్ ఉంది. టాక్సీ ఎక్కి ఆ ఆరంకెలు చెబితే గుమ్మం ముందు దింపుతాడు. చిన్న దేశం కాబట్టి కుదిరింది అంటారు, ఒప్పుకుంటాను.

కానీ ఐర్లాండ్ సంగతి వేరు. అక్కడి పల్లెలు మన పల్లెల్లాంటివే. ఇళ్లకు నంబర్లు లేవు, వీధులకు పేర్లు లేవు. పేట పేరు ఒకటి, దాని కింద పది ఇళ్లు, అందులో మూడు ఇళ్లవాళ్లది ఒకే ఇంటిపేరు. దేశంలో మూడో వంతుకు పైగా చిరునామాలు ఇంకొకరితో పంచుకున్నవే. పోస్ట్‌మాన్‌కు మనుషులు తెలుసు కాబట్టి ఉత్తరాలు అందేవి. 2015లో వాళ్లు ఐర్‌కోడ్ తెచ్చారు. ఏడు అక్షరాలు. మొదటి మూడూ ప్రాంతానివి, చివరి నాలుగూ ఒక్క ఇంటివి. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కూ విడిగా ఒకటి. ఐర్లాండ్ అంబులెన్స్ సర్వీసు ఫోన్ రాగానే అడిగే వివరాల్లో ఈ కోడ్ ఉంటుంది. ఏడు అక్షరాలు చెబితే బండి ఆ తలుపు ముందుకు వస్తుంది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ రాత్రి వీధి మొదట్లో నిలబడిన నలభై ఐదు నిమిషాలూ గుర్తొచ్చాయి.

ఐర్‌కోడ్‌కు విమర్శలూ ఉన్నాయి. పక్కపక్క ఇళ్ల కోడ్‌లకు ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఒక ఇంటిది తెలిస్తే పక్కింటిది ఊహించలేం, డేటాబేస్ చూడాల్సిందే. ఈ విమర్శ సబబే. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు పక్కింటి కోడ్ ఎవరికి కావాలి?

కోడ్‌లను కలపడం, మార్చడం తేలిక కాదన్నదీ నిజమే. రెండు జర్మనీలు కలిసినప్పుడు పశ్చిమాన బాన్‌కూ తూర్పున వైమార్‌కూ ఒకే కోడ్, 5300. కొన్నాళ్లు ముందు పశ్చిమం, తూర్పు అని ఒక్కో అక్షరం చేర్చి నెట్టుకొచ్చారు. చివరికి 1993 జూలై 1న దేశం మొత్తానికి ఐదంకెల కొత్త కోడ్‌లు ఇచ్చారు. ఒక్క రోజులో కోట్లమంది చిరునామా మారింది. వాళ్లు చేయగలిగారు.

మన దగ్గరా కదలిక లేకపోలేదు. 2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి చేసిన పని. హైదరాబాదు వాళ్ల చెయ్యి పడిందని నాకు కాస్త గర్వం కూడా. పద్ధతి అందంగా ఉంటుంది. దేశం మీద ఒక పెద్ద చతురస్రం పరిచి పదహారు గళ్లు చేస్తారు. ప్రతి గడినీ మళ్లీ పదహారు. ఇలా పదిసార్లు. చివరికి మిగిలేది దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గడి. దానికి పది అక్షరాల పేరు. ఏ డేటాబేసూ అక్కర్లేదు, ఫోన్‌కు తన స్థానం తెలిస్తే లెక్కగట్టేస్తుంది. పొలం గట్టు మీద పాము కరిచినా, హైవే మీద బండి బోల్తా పడ్డా ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మా ఇంటికి మాత్రం చాలదు. మాది కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తుల బిల్డింగు. మా ఫ్లాట్ తొమ్మిది వందల చదరపు అడుగులు. నేను హాల్లో నిలబడి చూస్తే ఒక డిజిపిన్, వంటింట్లోకి పోతే ఇంకొకటి, నాన్న గదిలో మూడోది. లెక్క వేస్తే మా ఒక్క ఇంటికి ఐదారు గళ్లు. నాన్న మంచం ఉన్న గడిలోనే కింద రెండు ఇళ్లు, పైన ఒక ఇల్లు. ఆ కోడ్ నేల మీద చోటుది, తలుపుది కాదు.

తలుపు విషయంలో చెన్నై పరిస్థితి మరీ కష్టం. మన తెలుగు ఊళ్లలో డోర్ నంబరులో వార్డు, బ్లాకు, ఇల్లు అని ఒక వరస అయినా ఉంటుంది. ఇక్కడ వీధి ఒక్కటే ఆధారం. ఆ వీధిలో ప్రతి గేటు మీదా రెండు నంబర్లు. 'పాత నెం. 14, కొత్త నెం. 31'. కార్పొరేషన్ కొత్త నంబర్లు ఇచ్చింది, జనం పాతవి వదల్లేదు. పదిహేను గేట్ల అవతల ఇంకో ఇంటికి పాత నెం. 31 ఉంటుంది. కరెంటు బిల్లు మీద ఒకటి, రేషన్ కార్డు మీద ఒకటి. పోస్ట్‌మాన్‌కు రెండూ కంఠస్థం. రాత్రి పదకొండున్నరకు వచ్చిన డ్రైవర్‌కు?

నా కోరిక ఇదీ. పిన్‌ను పోస్టాఫీసుకే ఉంచండి, ఆ పని అది ఏభై ఏళ్లకు పైగా చక్కగా చేస్తోంది. దానితో జిల్లాలు నింపడం, అప్పులు తూచడం మానండి. ప్రతి తలుపుకూ విడిగా ఒక కోడ్ ఇవ్వండి, పిన్ దానికి మొదటి భాగం కావచ్చు. మద్రాసు-17ని 600017లో కలుపుకున్నట్టే. దాన్ని గేటు మీద, కరెంటు మీటరు మీద రాయండి. అత్యవసర సర్వీసులన్నీ దాన్ని వాడేలా చూడండి.

ఇందులో రెండు భయాలున్నాయి, అవి చిన్నవి కావు. ఒకటి, తలుపు కోడ్‌తో ఎవరు ఎక్కడ ఉంటున్నారో పసిగట్టడం సులువవుతుంది. అందుకే కోడ్ తలుపుకే ఉండాలి, మనిషి పేరు దానికి తగిలించకూడదు. రెండోది ఇంకా కష్టం. పట్టా లేని ఇళ్ల సంగతేమిటి? కాలువ గట్టున, పోరంబోకు స్థలంలో ఉన్న గుడిసెకు కోడ్ ఇస్తే హక్కు ఇచ్చినట్టవుతుందని అధికారులు జంకుతారు. వాళ్లకు నాన్న జవాబు ఉంది. "పోస్ట్‌మాను ఏనాడన్నా పట్టా చూపించు, అప్పుడిస్తా కార్డు అన్న్యాడా?" ఉత్తరం మీద పేరుంటే గుడిసె ముందు నిలబడి పిలుస్తాడు. కొడుకు మనియార్డరు ముసలమ్మ చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకుంటాడు. తపాలా శాఖ ఆ ఇళ్లను ఎప్పుడో గుర్తించింది. నూరేళ్లకు పైగా గుర్తిస్తూనే ఉంది.

మా వీధి పోస్ట్‌మాన్ ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు. బీటులో పన్నెండు వీధులట. ఆ మధ్య నాన్నను చూడటానికి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఇద్దరూ గంటసేపు అరవంలో సంచులు, లక్క ముద్రలు, ఆలస్యమైన రైళ్ల గురించి మాట్లాడుకున్నారు. పోతూ పోతూ ఆయన, తర్వాత వచ్చేవాడి కోసం ఒక నోటుబుక్కులో ఇళ్ల వరస రాస్తున్నానని చెప్పారు. పాత నంబరు, కొత్త నంబరు, ఏ అంతస్తు, మెట్లు ఎటువైపు.

ఆయన వెళ్లాక నాన్న నన్ను పిలిచి కాగితం, స్కెచ్ పెన్ అడిగారు. సార్టింగ్ హాల్లో సంచులకు లేబుళ్లు రాసిన చెయ్యి, ఇప్పటికీ అక్షరం వంకర పోదు. రాసి ఇచ్చిన కాగితం ఇప్పుడు మా హాల్లో స్విచ్‌బోర్డు పక్కన అంటించి ఉంది. ఫోన్ చేసేటప్పుడు అదే వరసలో చదవాలట. పళ్ళికరణై, మేడవాక్కం కాదు. వినాయకుడి గుడికి ఎదురు సందు. నీళ్ల ట్యాంకు దాటాక ఎడమవైపు నాలుగో గేటు. కొత్త నంబరు, బ్రాకెట్లో పాతది. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, స్ట్రెచర్ వెనక మెట్ల మీదుగా. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో, 600100.